'నో డిస్‌ప్లే' జవాబు బట్టీ పట్టొద్దు

"సిస్టమ్ ఆన్ అవుతోంది. ఫ్యాన్ తిరుగుతోంది. డిస్‌ప్లే మాత్రం రావట్లేదు. ఏం చేస్తావ్?"

డెస్క్‌టాప్ సపోర్ట్, ఫీల్డ్ ఇంజినీర్, ఐటీ అసిస్టెంట్ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వెళ్లే ఫ్రెషర్లకు ఈ ప్రశ్న కొత్తేమీ కాదు. సీనియర్లు చెప్పి పంపే జవాబూ కొత్తది కాదు. "ర్యామ్ తీసి, రబ్బరుతో రుద్ది, మళ్లీ పెడతా సార్." ఇది తప్పు జవాబు కాదు. చాలాసార్లు పని చేస్తుంది కూడా. కానీ అడిగినాయన వెంటనే "అప్పటికీ రాకపోతే?" అంటాడు. చాలామంది అక్కడే ఆగిపోతారు. లేదంటే "మదర్‌బోర్డ్ మార్చేస్తా సార్" అని ఒక్కసారిగా చివరి మెట్టుకు దూకేస్తారు.

ఆ రెండు జవాబుల మధ్య ఉన్న మెట్లే అసలు ఉద్యోగం. ఇంటర్వ్యూ చేసే మనిషికి కావాల్సింది మీకు ర్యామ్ అంటే తెలుసా లేదా అన్నది కాదు. కళ్ల ముందు ఏమీ కనిపించనప్పుడు మీరు ఎలా ఆలోచిస్తారన్నదే ఆయన చూస్తాడు. అందుకే మరో సర్టిఫికెట్ కోర్సుకు ఫీజు కట్టే ముందు ఒక పాత డెస్క్‌టాప్ ముందు కూర్చోండని నేనంటాను. ఒక్క లోపాన్ని మొదటి నుంచి చివరి దాకా పద్ధతిగా వెతకడం నేర్చుకుంటే, అది కంప్యూటర్ దగ్గరే ఆగిపోదు.

ఉద్యోగాలు ఎటువైపు ఉన్నాయి?

కిష్టారెడ్డిపేటలో అద్దె గదుల్లో ఉండి ఉద్యోగం వెతుక్కునే విద్యార్థులను ఒకసారి ఊహించుకోండి. పొద్దున్నే బీరంగూడ కమాన్ దాకా వెళ్లి అమీర్‌పేట కోచింగ్‌కో, హైటెక్ సిటీ ఇంటర్వ్యూకో బస్సెక్కుతారు. చూపంతా హైదరాబాద్ వైపే. అదే రోడ్డు మీద రెండో వైపు చూడండి. అటు సుల్తాన్‌పూర్‌లో 2017లో శంకుస్థాపన జరిగిన వైద్య పరికరాల పార్కు ఉంది. ముంబయి హైవే ఎక్కితే పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడలు. ఇంకోవైపు బొల్లారం, గడ్డపోతారం మందుల పరిశ్రమలు. ఇక్రిశాట్ 1972 నుంచి పటాన్‌చెరులోనే ఉంది.

ఈ పరిశ్రమల్లో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తక్కువే. కానీ కంప్యూటర్ లేని గది కూడా తక్కువే. గేటు దగ్గర లారీలను తూచే వేబ్రిడ్జి పక్కన ఒక డెస్క్‌టాప్ ఉంటుంది. డిస్పాచ్‌లో లేబుళ్లు, ఇన్వాయిస్‌లు తీసేందుకు ఒకటి, స్టోర్స్‌లో ఒకటి, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ఒక్కో పరికరానికి ఒక్కోటి. వేబ్రిడ్జి దగ్గరి తెర నల్లబడితే చీటీ రాదు, చీటీ లేకపోతే లారీ కదలదు. అప్పుడు ఫోన్ వచ్చేది ఐటీ అసిస్టెంట్‌కే. అవతల డ్రైవర్ ఇంజిన్ ఆపి కూర్చుని ఉంటాడు. అక్కడ బట్టీ పట్టిన జవాబు పని చెయ్యదు.

ముందు చూడాలి, తర్వాతే విప్పాలి

పద్ధతి అంటే పెద్ద శాస్త్రమేమీ కాదు. ప్రశ్నలను సరైన వరుసలో అడగడమే.

మొదటి ప్రశ్న యంత్రాన్ని కాదు, మనిషిని అడగాలి: "చివరిసారి బాగా పనిచేసినప్పటికీ, ఇప్పటికీ మధ్య ఏం మారింది?" టేబుల్ జరిపారా? ఊడుస్తూ వైరు కదిలించారా? కొత్త ర్యామ్ వేశారా? కరెంటు పోయి వచ్చిందా? ఈ ఒక్క ప్రశ్నకు నిజమైన జవాబు దొరికితే సగం పని తగ్గుతుంది.

రెండో ప్రశ్న: పోయింది కంప్యూటరా, కేవలం డిస్‌ప్లేనా? ఈ రెండూ వేర్వేరు. కీబోర్డ్ మీద క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతూ ఉంటే కంప్యూటర్ లోపల బతికే ఉన్నట్టు. అప్పుడు వెతకాల్సింది మానిటర్, కేబుల్ దగ్గర. లైటు స్పందించకపోతే మాత్రం అప్పుడే తీర్పు చెప్పకండి, అది ఒక అనుమానం మాత్రమే. మానిటర్ నుంచి వీడియో కేబుల్ పీకి చూడండి. 'నో సిగ్నల్' లాంటి మాట తెర మీద వస్తే మానిటర్‌కు కరెంటు, తెర రెండూ బాగున్నట్టు. మానిటర్ మెనూలో సోర్స్ హెచ్‌డీఎంఐకి పెట్టి ఉండి, కేబుల్ వీజీఏకి తగిలించి ఉంటే ఎన్ని ర్యాములు మార్చినా బొమ్మ రాదు.

ఇక్కడే ఫ్రెషర్లు తరచూ వదిలేసే విషయం ఇంకోటుంది. కంప్యూటర్‌కు విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి, మదర్‌బోర్డ్ పోర్టుకు కాదు. ఇంటెల్‌లో మోడల్ నంబరు చివర 'ఎఫ్' ఉన్న ప్రాసెసర్లకు సొంత గ్రాఫిక్స్ ఉండవు. ఉదాహరణకు ఐ5-12400ఎఫ్ వేసిన సిస్టమ్‌లో మదర్‌బోర్డ్ పోర్టుకు కేబుల్ తగిలిస్తే, అన్నీ బాగున్నా తెర నల్లగానే ఉంటుంది. అందులో పాడైంది ఏమీ లేదు.

కంప్యూటర్ తనేం చెప్తోంది?

మూడో ప్రశ్న: స్టార్ట్ అయ్యే దారిలో ఎక్కడ ఆగింది? పవర్ బటన్ నొక్కగానే కంప్యూటర్ తనను తాను పరీక్షించుకుంటుంది. దాన్నే పోస్ట్ అంటారు, పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ కాలం నుంచీ ఇదే తీరు. తెర ఇంకా సిద్ధం కానప్పుడు లోపాన్ని చెప్పడానికి అప్పట్లో బీప్ శబ్దాలు వాడారు. పాత అవార్డ్ బయోస్ బోర్డుల్లో ఒక పొడవాటి బీప్, రెండు పొట్టి బీపులు వస్తే డిస్‌ప్లే కార్డు సమస్య. ఇప్పటి చాలా బోర్డుల మీద బీపుకు బదులు సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి. ఏ లైటు దగ్గర ఆగిపోయిందో చూస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. కొన్ని బ్రాండెడ్ సిస్టమ్స్‌లో పవర్ బటన్ లైటే లెక్క ప్రకారం మినుకుమంటుంది. దాని అర్థం కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి ఆ మోడల్ మాన్యువల్ తీసి చూడాలి. మాన్యువల్ చూడటం చేతకానితనం కాదు. చూడకుండా ఊహించడమే అసలు ప్రమాదం.

నాలుగో మెట్టు తగ్గించడం. కరెంటు పూర్తిగా తీసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని తాకి ఒంట్లోని స్టాటిక్ పోగొట్టుకోండి. హార్డ్‌డిస్క్, డీవీడీ, యూఎస్‌బీ వస్తువులు, అదనపు కార్డులు అన్నీ తీసేయండి. ప్రాసెసర్, దాని ఫ్యాన్, ఒకే ఒక్క ర్యామ్, పవర్ సప్లై మిగలాలి. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే డిస్‌ప్లే కార్డు కూడా. ఇప్పుడు ఆన్ చేయండి. బొమ్మ వస్తే, తీసేసిన వాటిలో ఏదో దొంగ ఉన్నట్టే. ఒక్కొక్కటే తిరిగి తగిలిస్తూ ప్రతిసారీ ఆన్ చేసి చూడండి. రాకపోతే ర్యామ్‌ను వేరే స్లాట్‌లో, ఆ తర్వాత వేరే ర్యామ్‌ను అదే స్లాట్‌లో పరీక్షించండి. బోర్డుకు చిన్న స్పీకర్ ఉంటే ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చేయండి. ర్యామ్ లేదని బీప్ కొడితే ప్రాసెసర్, బోర్డు కనీసం ఆ మేరకు పనిచేస్తున్నట్టే. ఫ్యాన్ తిరిగినంత మాత్రాన ప్రాసెసర్‌కు కరెంటు అందుతోందని కూడా అనుకోకండి. దానికి విడిగా నాలుగు లేదా ఎనిమిది పిన్నుల కనెక్టర్ ఉంటుంది. అది ఊడిపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు.

ఒక మార్పు, ఒక పరీక్ష. ఈ నియమం తప్పితే ఇంత శ్రమా వృథా. ర్యామ్, కేబుల్, బ్యాటరీ మూడూ ఒకేసారి మార్చి "వచ్చేసింది సార్" అంటే, ఏది పాడైందో మీకూ తెలియదు. వారం తర్వాత అదే కంప్లయింట్ మళ్లీ వస్తుంది. ర్యామ్ రుద్ది పెట్టే జవాబులోని లోటు కూడా ఇదే. బాగైంది రుద్దడం వల్లా, తీసి సరిగ్గా పెట్టడం వల్లా, స్లాట్‌లో దుమ్ము కదలడం వల్లా అన్నది అడగకుండానే పెట్టె మూసేస్తాం.

కళ్లతో చూడటం కూడా పద్ధతిలో భాగమే. 2000ల మొదట్లో తయారైన చాలా మదర్‌బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు ఉబ్బి, పగిలి, బోర్డులు పాడయ్యాయి. డెల్ ఆప్టిప్లెక్స్ జీఎక్స్270 లాంటి మోడళ్లలో ఇది ప్రపంచమంతా తెలిసిన సమస్య అయింది. ఆ లోపానికి మీటర్ కూడా అక్కర్లేదు. టార్చ్ వేసి చూస్తే కెపాసిటర్ల పైభాగం ఉబ్బి కనిపించేది. ఒక్క హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోండి. ఎస్ఎంపీఎస్ డబ్బాను విప్పకండి. ప్లగ్ తీసిన తర్వాత కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన చార్జ్ ఉండొచ్చు. అనుమానం ఉంటే వేరేది తగిలించి చూడాలి తప్ప లోపల చెయ్యి పెట్టకూడదు.

బ్యాటరీ పీకే ముందు ఆలోచించండి

ఇంటి కంప్యూటర్‌కూ మన పరిశ్రమల్లోని కంప్యూటర్‌కూ ఒక పెద్ద తేడా ఉంది. మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్ తీసుకోండి. మందులో ఏముందో, ఎంత శుద్ధంగా ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరికరానికి ఒక డెస్క్‌టాప్ కలిపి ఉంటుంది. పరీక్ష గంటల తరబడి నడుస్తుంది. మధ్యలో తెర నల్లబడింది. కొత్తగా చేరిన కుర్రాడు అలవాటు కొద్దీ పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేశాడనుకోండి. చెడిపోయింది మానిటర్ కేబుల్ ఒక్కటే అయితే, లోపల చక్కగా నడుస్తున్న పరీక్షను తన చేత్తో తానే ఆపినట్టు. ముందు క్యాప్స్ లాక్ నొక్కి చూడటానికి పట్టేది రెండు సెకన్లు.

ఇంకోటి. "సీమాస్ బ్యాటరీ తీసి రెండు నిమిషాలాగి పెట్టు" అన్నది నో డిస్‌ప్లేకి అందరూ చెప్పే చిట్కా. ఇంట్లో చెయ్యొచ్చు. ల్యాబ్‌లో మాత్రం అడక్కుండా చెయ్యకూడదు. ఆ చిన్న మూడు వోల్టుల బ్యాటరీ తీస్తే కంప్యూటర్ తేదీ, సమయం తప్పిపోతాయి, బయోస్ సెట్టింగులు చెరిగిపోతాయి. హార్డ్‌డిస్క్ మోడ్ మారితే విండోస్ బూట్ కాకపోవచ్చు. ఎన్‌క్రిప్షన్ ఉంటే రికవరీ కీ అడగొచ్చు. అమెరికా ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 నిబంధనలు ఎలక్ట్రానిక్ రికార్డులకు, ఎలక్ట్రానిక్ సంతకాలకు సంబంధించినవి. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారన్నది సమయంతో సహా నమోదై ఉండాలని అవి కోరతాయి. అమెరికాకు మందులు పంపే కంపెనీ ల్యాబ్‌లో గడియారం తప్పితే అది చిన్న రిపేరు కాదు, తనిఖీలో అడిగే ప్రశ్న. అందుకే అలాంటి చోట ఏ మార్పు చేసినా ముందు అనుమతి, తర్వాత రాతపూర్వక నమోదు ఉంటాయి.

ఇంటర్వ్యూలో "బ్యాటరీ తీస్తాను" అనే అభ్యర్థి వేరు. "ఇది ల్యాబ్ సిస్టమ్ అయితే బ్యాటరీ తీసే ముందు ఇన్‌చార్జిని అడుగుతాను, ఎందుకంటే టైమ్ మారిపోతుంది" అనే అభ్యర్థి వేరు. ఇద్దరి డిగ్రీ ఒకటే కావొచ్చు. నేనైతే రెండో అభ్యర్థికే ఉద్యోగమిస్తా.

"ఇది చిన్న పని కదా?"

బీటెక్ చదివి స్క్రూడ్రైవర్ పట్టుకోవాలా అని కొందరికి నామోషీ. దీనికి సూటిగానే చెప్తాను. హార్డ్‌వేర్ సపోర్ట్‌లో మొదటి జీతం సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలా ఉండదు. ఎవరైనా ఉంటుందని చెప్పి ఫీజు అడిగితే నమ్మకండి. కానీ ఇక్కడ నేర్చుకున్న ఆలోచన ఎక్కడికైనా వస్తుంది. ప్లాంటులో మోటారు తిరగట్లేదనుకోండి. సప్లై ఉందా, ఎంసీబీ పడిందా, ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయిందా, కాంటాక్టర్ పట్టుకుంటోందా, చివరికి మోటారేనా? నెట్‌వర్క్ రావట్లేదు. కేబులా, స్విచ్ పోర్టా, ఐపీ అడ్రసా, సర్వరా? ప్రోగ్రామ్ తప్పు అవుట్‌పుట్ ఇస్తోంది. ఇన్‌పుట్ తప్పా, లెక్క తప్పా, ప్రింట్ చేసే వరుస తప్పా? దారిని మధ్యకు విడగొట్టి, ఇక్కడిదాకా బాగుందా అని అడుగుతూ పోవడమే మూడింటిలోనూ పని. ఆ పద్ధతి చేతికొచ్చినవాడు మెయింటెనెన్స్‌కి వెళ్లినా, నెట్‌వర్కింగ్‌కి వెళ్లినా, కోడింగ్‌కి వెళ్లినా బతుకుతాడు.

"ఏఐని అడిగితే చెప్పేస్తుంది కదా" అని ఇంకొందరు. చెప్తుంది, పది కారణాల జాబితా ఇస్తుంది. ఆ పదిలో మీ ముందున్నది ఏదో తేల్చాలంటే లైటు ఎక్కడ ఆగిందో, బీప్ ఎన్నిసార్లు వచ్చిందో, నిన్న ఎవరు టేబుల్ జరిపారో మీరే చూసి, విని, అడిగి చెప్పాలి. గమనించడం రానివాడికి ఏఐ ఇచ్చేది ఇంకాస్త పొడవైన బట్టీ జవాబే.

"ఇప్పుడన్నీ ల్యాప్‌టాప్‌లే" అన్న మాటలో కొంత నిజముంది. కానీ ఫ్యాక్టరీలో, ప్రభుత్వ ఆఫీసులో, బ్యాంకు కౌంటర్‌లో, కాలేజీ ల్యాబ్‌లో ఇంకా డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. పైగా నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు. ల్యాప్‌టాప్‌లో చాలా భాగాలు బోర్డుకే అతికి ఉంటాయి. డెస్క్‌టాప్‌లో ప్రతిదీ తీసి చూడొచ్చు.

పాత సిస్టమ్, ఒక నోట్‌బుక్

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మద్దతు ఆపేసింది. విండోస్ 11కి టీపీఎం 2.0, కొత్త తరం ప్రాసెసర్ కావాలి. ఆ అర్హత లేక మూలనపడే డెస్క్‌టాప్‌లు మీ బంధువుల ఇళ్లలో, తెలిసిన ఆఫీసుల్లో వెతికితే దొరకొచ్చు. పాత స్పేర్లకు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మనం సీటీసీ అనేది, ఉండనే ఉంది. ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి ఒక్క పాత సిస్టమ్ తెచ్చుకుంటే చాలు. ఒకరు గది బయటికి వెళ్లాలి. ఇంకొకరు కరెంటు తీసేసి ఒక లోపం పెట్టాలి: ర్యామ్ సగం పెట్టడమో, ప్రాసెసర్ పవర్ కనెక్టర్ తీయడమో, మానిటర్ సోర్స్ మార్చడమో. బయటికెళ్లిన వ్యక్తి వచ్చి కనిపెట్టాలి. ప్రతి లోపానికీ నోట్‌బుక్‌లో నాలుగు వాక్యాలు రాయండి. ఏం కనిపించింది, ఏం అనుమానించాను, ఎలా పరీక్షించాను, ఏం తేలింది.

ఇది నేను కల్పించిన చాదస్తం కాదు. ప్రపంచమంతా హార్డ్‌వేర్ ఉద్యోగాలకు చూసే కాంప్టియా ఏ ప్లస్ పరీక్షలోనూ ఇదే వరుస ఉంటుంది: సమస్యను గుర్తించు, కారణం ఊహించు, పరీక్షించు, సరిచేసే ప్రణాళిక వెయ్యి, అంతా పనిచేస్తోందో లేదో చూసుకో, చివరగా రాసిపెట్టు. మన దేశంలో ఐటీఐల్లో ఏడాది కోపా ట్రేడ్ ఉంది. ఎలక్ట్రానిక్స్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ పరిధిలో ఫీల్డ్ టెక్నీషియన్, కంప్యూటింగ్ అండ్ పెరిఫెరల్స్ అనే కోర్సు ఉంది. చేరాలనుకుంటే చేరండి. కానీ చేరే ముందు ఒక్కటి అడగండి: "సిస్టమ్ మా చేతికిస్తారా, లేక బోర్డు మీద బొమ్మ గీసి చూపిస్తారా?" జవాబు రెండోదైతే ఆ డబ్బుతో పాత సిస్టమ్ కొనుక్కోవడమే మేలు.

కాలేజీలకు కూడా ఒక మాట. మీ ల్యాబుల వెనక గదుల్లో పనిచేయని సిస్టమ్స్ స్క్రాప్ కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. స్టాక్ రిజిస్టర్‌లో ఉంది కాబట్టి ముట్టుకోవద్దంటారు. పిల్లలు పాడు చేస్తారని భయం. ఇప్పటికే పాడైపోయినదాన్ని ఇంకెంత పాడు చేస్తారు? హార్డ్‌డిస్కులు తీసి పక్కన పెట్టి, నెలకు రెండు శనివారాలు ఒక ల్యాబ్ అసిస్టెంట్ పర్యవేక్షణలో వాటిని విద్యార్థుల చేతికివ్వండి. ప్లేస్‌మెంట్ సెల్ చేసే మాక్ ఇంటర్వ్యూల కంటే అది ఎక్కువ నేర్పుతుంది. విద్యార్థులూ ఈ మాట అడగాలి. నలుగురు కలిసి సంతకాలు పెట్టి ప్రిన్సిపాల్‌కు ఒక దరఖాస్తు ఇవ్వడానికి ఖర్చేమీ లేదు.

ఇక ఇంటర్వ్యూ. రెజ్యూమేలో 'బేసిక్ హార్డ్‌వేర్ నాలెడ్జ్' అన్న మాట కొట్టేయండి. దాని బదులు 'డిస్‌ప్లే రాని డెస్క్‌టాప్‌లలో ఇన్ని లోపాలు కనిపెట్టి నమోదు చేశాను' అని మీ నిజమైన సంఖ్య రాయండి. ఆరైతే ఆరే రాయండి, అరవై అని రాయొద్దు. ఆ ప్రశ్న రాగానే ర్యామ్ దగ్గరికి పరుగెత్తకండి. "సార్, ముందు రెండు విషయాలు అడుగుతాను. చివరిసారి ఎప్పుడు పనిచేసింది, ఆ తర్వాత ఏం మారింది?" అని మొదలుపెట్టండి. ఆయన "అప్పటికీ రాకపోతే?" అన్న ప్రతిసారీ మీ దగ్గర తర్వాతి మెట్టు ఉంటుంది. అన్ని మెట్లూ అయిపోతే "ఇక్కడిదాకా ఇవి బాగున్నాయని తేలింది, మిగిలింది ప్రాసెసర్ లేదా బోర్డు, వేరే ప్రాసెసర్‌తో పరీక్షిస్తేనే ఏదో చెప్పగలను" అనండి. తెలిసినదాన్నీ, ఇంకా తేలాల్సినదాన్నీ విడివిడిగా చెప్పగలిగే మనిషి ప్రతి ప్లాంటుకీ, ప్రతి ఆఫీసుకీ కావాలి.